ఎడమచేతికి తెలియని కానుక

ఇంట్లో ఒక బిడ్డ మంచం పడితే ఇల్లంతా మంచం పడుతుంది. ఆసుపత్రి చీటీ మీద ఒక్క పేరే ఉంటుంది. ఆ పేరు వెనుక నిద్రలేని తల్లి, పనికి వెళ్లలేక కూలి పోగొట్టుకున్న తండ్రి, బంధువుల ఇంట్లో వదిలేసి వచ్చిన తోబుట్టువులు ఉంటారు. వారి పేర్లు ఏ రిజిస్టరులోనూ కనిపించవు. ఇల్లంతా మంచం పట్టడమంటే ఏమిటో ఆరేళ్ల వయసులోనే చవిచూసిన స్కాట్లండు బాలుడొకడు పెద్దవాడయ్యాక లోకమంతటికీ తెలిసిన రచయిత అయ్యాడు. తన రచనలన్నిటిలోకీ విలువైనదాన్ని జబ్బుపడిన పిల్లల ఆసుపత్రికి రాసిచ్చేశాడు. దానివల్ల ఎంత సొమ్ము వస్తుందో ఎవరికీ చెప్పవద్దని కోరాడు. ఆయన పేరు జేమ్స్ మాథ్యూ బ్యారీ. ఎప్పటికీ ఎదగని, గాలిలో ఎగిరే పిల్లవాడు పీటర్ పాన్‌ను సృష్టించింది ఆయనే.

బ్యారీ 1860 మే 9న స్కాట్లండులోని కిరిమ్యూర్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి డేవిడ్ మగ్గం నేసి బతికేవాడు. తల్లి మార్గరెట్ ఓగిల్వీకి ఎనిమిదేళ్ల వయసులోనే కన్నతల్లి చనిపోయింది. అప్పటి నుండి ఇల్లు నడిపే భారం ఆ పసిదాని మీద పడింది. ప్రెస్బిటేరియన్లలోనే చాలా కఠినమైన ఆల్డ్ లిఖ్ట్ అనే శాఖలో ఆమె పెరిగింది. ఆ దంపతుల పది మంది పిల్లల్లో జేమ్స్ తొమ్మిదోవాడు. పొట్టివాడు, బక్కపలచనివాడు. తల్లి ఆశలన్నీ జేమ్స్ అన్న డేవిడ్ మీద ఉండేవి. అందగాడు, చదువులో చురుకైనవాడు. ఎప్పటికైనా అతడు పాదిరి అవుతాడని ఆమె కలలు కన్నది.

1867 జనవరిలో, పద్నాలుగేళ్లు నిండబోతుండగా, మంచు మీద జారే ఆటలో డేవిడ్ పడిపోయాడు. తలకు బలమైన దెబ్బ తగిలి చనిపోయాడు. ఆ వార్తతో తల్లి మంచం పట్టింది. చీకటి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. అమ్మకు ఇంకో కొడుకు మిగిలి ఉన్నాడని వెళ్లి చెప్పమని అక్క ఆరేళ్ల జేమ్స్‌ను ఆ గదిలోకి పంపింది. అడుగుల చప్పుడు విని, వచ్చింది నువ్వేనా అని తల్లి ఆశగా అడిగింది. ఆ ప్రశ్న చనిపోయిన అన్న కోసమని జేమ్స్‌కు అర్థమైంది. కాదు, వచ్చింది నేనేనని చిన్న గొంతుతో చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత అన్న బట్టలు తొడుక్కుని, అన్నలాగే నిలబడి, అన్నలాగే ఈల వేసి అమ్మను నవ్వించాలని ఆ బాలుడు పడిన తంటాలను చాలా ఏళ్ల తర్వాత తల్లి జీవితం మీద రాసిన పుస్తకంలో బ్యారీ స్వయంగా చెప్పుకున్నాడు. ఆ పుస్తకం 1896లో వెలువడింది. అప్పటికి ఏడాది ముందే తల్లి కన్నుమూసింది.

తల్లి దుఃఖాన్ని అందరూ చూశారు. ఆ దుఃఖానికి కాపలా కాసిన ఆరేళ్ల వాడిని ఎవరు చూశారు? జబ్బుపడిన బిడ్డ ఉన్న ఇంట్లో, బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఇలాగే నిశ్శబ్దంగా పెద్దవాళ్లయిపోతారు. మనం పరామర్శకు వెళ్లినప్పుడు వాళ్లు గుమ్మం పక్కన నిలబడి ఉంటారు. వాళ్ల తల నిమిరి వచ్చిన వారెందరు?

ఇంట్లోవారు జేమ్స్ పాదిరి పనిలాంటి స్థిరమైన వృత్తిలో ఉండాలని కోరుకున్నారు. ఆయన మాత్రం కలం పట్టాలనుకున్నాడు. 1882లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తి చేసి, కొంతకాలం నాటింగ్‌హామ్‌లో ఒక పత్రికలో పనిచేసి, 1885లో లండన్ చేరాడు. తొలిరోజుల్లో ఆయన అద్దెకున్న బ్లూమ్స్‌బరీ ప్రాంతంలోనే గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి ఉండేది. అమ్మ చెప్పిన చర్చి ముచ్చట్లనే కథలుగా మలచి 1888లో ఆయన ప్రచురించిన పుస్తకానికి మంచి పేరు వచ్చింది. ఆ తర్వాత నవలలు, నాటకాలు వరుసగా వచ్చాయి. డబ్బు వచ్చింది. 1913లో బారొనెట్ బిరుదు, 1922లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ వచ్చాయి. కానీ ఆయన ఇంట్లో ఉయ్యాల ఊగలేదు. 1894లో జరిగిన పెళ్లి 1909లో విడాకులతో ముగిసింది.

సొంత పిల్లలు లేని ఆ మనిషికి 1897 ప్రాంతంలో కెన్సింగ్టన్ గార్డెన్స్ అనే ఉద్యానవనంలో లూవెలిన్ డేవిస్ కుటుంబపు పిల్లలతో స్నేహం కుదిరింది. కాలక్రమంలో ఆ ఇంట ఐదుగురు మగపిల్లలయ్యారు. వారికి చెప్పిన కథల్లోంచే పీటర్ పాన్ పుట్టాడు. 1904 డిసెంబరు 27న లండన్‌లోని డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటరులో ఆ నాటకం మొదటిసారి ఆడింది. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్ కాలానికీ మళ్లీ మళ్లీ ఆడుతూ వచ్చింది. 1911లో అదే కథ నవలగా వెలువడింది. పిల్లలు చనిపోయినప్పుడు వారు భయపడకుండా పీటర్ కొంతదూరం తోడు వెళ్తాడనే మాట ఆ నవలలో ఒకచోట వస్తుంది. అందరూ ఆటపాటల కథగా చదివే పుస్తకంలో ఆ ఒక్క వాక్యం దగ్గర కిరిమ్యూర్ చీకటి గది గుర్తుకు వస్తుంది.

ఆ స్నేహితుల ఇంటికీ చీకటి వచ్చింది. తండ్రి ఆర్థర్‌కు దవడలో క్యాన్సర్ పుట్టింది. బ్యారీ వైద్యఖర్చులకు అండగా నిలిచాడు, రోగి మంచం పక్కన గంటల తరబడి కూర్చున్నాడు. 1907లో ఆర్థర్ చనిపోయాడు. 1910లో పిల్లల తల్లి సిల్వియా కూడా క్యాన్సర్‌తోనే కన్నుమూసింది. ఐదుగురు పిల్లల బాధ్యతను బ్యారీ తన మీద వేసుకున్నాడు. వారిలో పెద్దవాడు జార్జ్ 1915లో యుద్ధంలో మరణించాడు. నాలుగోవాడు మైఖేల్ 1921లో ఆక్స్‌ఫర్డు దగ్గర నీట మునిగి చనిపోయాడు. చేతికి అందివచ్చిన పిల్లలను ఇలా పోగొట్టుకున్న మనిషి మనసు బండబారిపోవచ్చు. లేదా ఇంకో ఇంటి తలుపు దగ్గర ఏడ్పు వినగానే ఆగిపోవచ్చు. బ్యారీ ఆగిపోయేవాడు.

ఇప్పుడు ఆ ఆసుపత్రి సంగతి చూద్దాం. 1852 ఫిబ్రవరి 14న డాక్టర్ చార్లెస్ వెస్ట్ కృషితో కేవలం 10 పడకలతో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్‌లో ఒక ఇంట్లో అది మొదలైంది. పిల్లలను చేర్చుకుని వైద్యం చేసే ఆసుపత్రి బ్రిటన్‌లో అదే మొదటిది. అప్పట్లో ప్రభుత్వ సొమ్ము లేదు. దాతలు ఇస్తేనే పడక, లేకపోతే లేదు. 1858లో ప్రఖ్యాత రచయిత చార్లెస్ డికెన్స్ ఒక విందులో ఆ పిల్లల కోసం ప్రసంగించాడు. అప్పుడు వచ్చిన విరాళాలతో పక్కిల్లు కొన్నారు. 20 ఉన్న పడకలు 75 అయ్యాయి. ఒక మాట 55 పడకలను తెచ్చింది!

1929 నాటికి ఆ ఆసుపత్రికి స్థలం చాలలేదు. పక్కనే ఉన్న అనాథ శిశువుల ఆశ్రమం ఊరి బయటికి తరలిపోవడంతో ఆ స్థలం అమ్మకానికి వచ్చింది. కొనడానికి నిధులు కావాలి. నిధుల సేకరణ కమిటీలో సభ్యుడిగా ఉండమని ఆసుపత్రి పెద్దలు బ్యారీని అడిగారు. ఆయన పేరు కమిటీలో ఉంటే చాలు, డబ్బు వస్తుందనుకున్నారు. బ్యారీ ఒప్పుకోలేదు. కమిటీలో కూర్చోలేనని, ఇంకో విధంగా సాయపడే దారి దొరుకుతుందేమో చూస్తానని చెప్పాడు. ఇలాంటి జవాబులు ఎన్ని వినలేదు? మర్యాదగా తప్పించుకున్నాడని కొందరు అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. రెండు నెలల తర్వాత అసలు సంగతి తెలిసి పెద్దలు నివ్వెరపోయారు. పీటర్ పాన్ మీద తనకున్న హక్కులన్నీ ఆయన ఆ ఆసుపత్రికి రాసిచ్చేశాడు.

ఆ కానుక తీరు గమనించండి. ఆ నాటకం నుండి వచ్చిన ఒక ఏడాది ఆదాయంలో కొంత ఇచ్చినా అందరూ పొగిడేవారు. ఆయన చెంబెడు పాలు పోసి రాలేదు, పాడి ఆవునే తోలుకెళ్లి వారి కొట్టంలో కట్టేసి వచ్చాడు. ఆ తర్వాత ఎక్కడ ఆ నాటకం ఆడినా, ఎక్కడ ఆ పుస్తకం అమ్ముడైనా రావలసిన రాయల్టీ జబ్బుపడిన పిల్లలకు చేరేది. అదే ఏడాది డిసెంబరులో నటీనటులే ఆసుపత్రికి వచ్చి వార్డులో పిల్లల ముందు కొన్ని దృశ్యాలు ఆడారు. తర్వాత గిల్డ్‌హాల్‌లో జరిగిన ఒక విందులో బ్యారీ ఆ ఘనతను తన మీద వేసుకోలేదు. పీటర్ పాన్ ఒకప్పుడు ఇదే ఆసుపత్రిలో రోగిగా ఉన్నాడని, ఈ చిన్న పని తనచేత చేయించింది వాడేనని సరదాగా చెప్పి తప్పుకున్నాడు. ఈ కానుక ద్వారా ఎంత వస్తుందో బయటపెట్టవద్దని ఆయన కోరాడు. ఆసుపత్రి ఆ మాటను నేటికీ నిలబెట్టుకుంటోంది.

కుడిచేయి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు నేర్పాడు (మత్తయి 6:3). బ్యారీ విషయంలో ఒక వింత ఉంది. ఏళ్ల తరబడి రాసి రాసి ఆయన కుడిచేయి పట్టేసింది. అందుకని చివరి రెండు దశాబ్దాల్లో ఎక్కువగా ఎడమచేత్తోనే రాశాడు. కుడిచేయి చేసిన పని ఎడమచేతికి తెలియకుండా ఉండటం ఆయనకు మరీ కష్టం! అయినా లెక్క బయటికి రాలేదు.

బ్యారీని ఒక భక్తుడిగా, పరిశుద్ధుడిగా నిలబెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆయన పాదిరి కాలేదు, మిషనరీ కాలేదు. కానీ ప్రభువు చెప్పిన ఉపమానంలో గాయపడినవాడిని ఆదుకున్నది యాజకుడూ కాదు, లేవీయుడూ కాదు. ఆలయంతో సంబంధం లేదని అందరూ తోసిపుచ్చిన సమరయుడు (లూకా 10:30-37). ఆ ఉపమానంలో నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టడం గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. దాని తర్వాత ఆ సమరయుడు చేసిన పని మీద ఎన్ని విన్నాం? అతడికి ప్రయాణం ఉంది, అక్కడే ఉండిపోలేడు. అందుకని మర్నాడు పూటకూళ్లవాడి చేతిలో రెండు దేనారాలు పెట్టాడు. ఇతణ్ణి చూసుకోమన్నాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. రోగిని రాత్రింబగళ్లు కనిపెట్టుకునే వారి చేతికి, ఆ పని ఆగకుండా సొమ్ము అందించడం కూడా సమరయుడి ప్రేమలో భాగమే. నేడు మనం గ్రాంటు అని పిలిచేది అదే. ఆ పూటకూళ్లవాడికి దాత పేరు తెలుసని బైబిలు చెప్పలేదు. మనకూ తెలియదు.

గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి ఆ పూటకూళ్ల ఇల్లు. దాని తర్వాతి చరిత్ర చూస్తే బ్యారీ కానుకలోని వివేకం తెలుస్తుంది. ఆ రోజుల్లో బ్రిటన్ ఆసుపత్రులు చాలావాటిలో తల్లిదండ్రులను లోపలికి రానిచ్చేవారు కాదు. వారానికి కొన్ని గంటలు మాత్రమే బిడ్డను చూడనిచ్చే చోట్లు ఉండేవి. అమ్మ వెళ్లిపోతుంటే పిల్లలు ఏడుస్తారు, కాబట్టి అమ్మ రాకపోవడమే మేలనే వాదన ఉండేది. 1959లో సర్ హ్యారీ ప్లాట్ అధ్యక్షతన ఒక కమిటీ ఆ పద్ధతి తప్పని తేల్చింది. తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని, చిన్నపిల్లల తల్లులు దగ్గరే ఉండేలా చూడాలని సిఫారసు చేసింది. అప్పటి నుండి పిల్లల ఆసుపత్రి అంటే పిల్లల పడకలే కాదు, తల్లిదండ్రులు తలదాచుకునే గదులు కూడా అనే ఆలోచన క్రమంగా వేళ్లూనింది. ఆ ఆసుపత్రికి తోడుగా ఉన్న ధర్మసంస్థ నేడు భవనాలకు, యంత్రాలకు, పరిశోధనకు మాత్రమే కాదు, దూరం నుండి వచ్చిన కుటుంబాల వసతికి, పిల్లల ఆటలకు కూడా ఖర్చు చేస్తోంది. 1929లో ఈ అవసరాలను ఎవరు ఊహించారు? దాత తన సొమ్ము ఫలానా గోడకే, ఫలానా గదికే అని కట్టిపడేసి ఉంటే ఆ గోడ కూలిన రోజున కానుక కూడా కూలేది.

మన ప్రభువు ఈ విషయం ముందే ఎరుగును. యాయీరు ఇంటికి వెళ్లినప్పుడు ఏడ్చేవారిని, గోల చేసేవారిని ఆయన బయటికి పంపేశాడు. చిన్నదాని తండ్రిని, తల్లిని మాత్రం వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాడు (మార్కు 5:40). బిడ్డను లేపాక ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమని చెప్పడం కూడా మరచిపోలేదు. స్వస్థత ఇచ్చిన ప్రభువుకే అన్నం సంగతి గుర్తుంటే, ప్రార్థన చేసి వచ్చేసే మనకు ఎందుకు గుర్తుండదు?

బ్యారీ 1937 జూన్ 19న లండన్‌లో చనిపోయాడు. వీలునామాలో ఆ కానుకను మరోసారి ధ్రువపరిచాడు. కిరిమ్యూర్‌లో తల్లిదండ్రుల పక్కనే ఆయనను సమాధి చేశారు. రచయిత చనిపోయిన 50 ఏళ్లకు కాపీరైట్ తీరిపోయే నాటి చట్టం ప్రకారం 1987 చివరితో బ్రిటన్‌లో ఆ హక్కు ముగిసింది. పాడి ఆవు వట్టిపోయినట్టే అనుకున్నారు. అప్పుడు మాజీ ప్రధానమంత్రి జేమ్స్ కాలహన్ ప్రభువుల సభలో ఒక సవరణ తెచ్చాడు. ఆయన భార్య ఆడ్రీ ఆ ఆసుపత్రి కోసం ఏళ్ల తరబడి శ్రమించిన వ్యక్తి. 1988 నాటి చట్టంలో ఆ సవరణ చేరింది. దాంతో బ్రిటన్‌లో పీటర్ పాన్ నాటకం ఆడినా, ప్రచురించినా ఆ ఆసుపత్రి ఉన్నంతకాలం దానికి రాయల్టీ చెల్లించాల్సిందే. అమెరికాలో ఆ నాటకం మీది హక్కు 2023 చివరితో ముగిసినా బ్రిటన్‌లో ఆ ధార ఆగలేదు. ఇచ్చినవాడు చనిపోయినా కానుక నేటికీ పని చేస్తోంది.

ప్రియ పాఠకులారా, మన చర్చిలలో తల ఎత్తి చూస్తే తిరుగుతున్న ఫ్యాను రెక్కల మీద ఒక పేరు, తల దించి చూస్తే బల్ల వీపు మీద ఒక పేరు కనిపిస్తుంది. ఇవ్వడం తప్పు కాదు. చనిపోయిన వారి జ్ఞాపకార్థం ఇవ్వడమూ తప్పు కాదు. కానీ కొన్ని అవసరాల మీద పేరు రాయడానికి చోటుండదు. పెద్దాసుపత్రి వరండాలో చాప పరుచుకుని పడుకున్న తల్లికి పెట్టిన రెండు పూటల భోజనం మీద పేరెక్కడ రాస్తాం? కీమోథెరపీకి నెలనెలా ఊరి నుండి వచ్చే బిడ్డ బస్సు చార్జీ మీద ఎక్కడ రాస్తాం? చికిత్స ఉచితంగా దొరికినా గది అద్దె, తిండి, దారిఖర్చు, పోయిన కూలి కుటుంబాన్ని అప్పుల్లోకి తోస్తాయి. డబ్బు లేక చికిత్స సగంలో ఆపి ఇంటికి తిరిగి వెళ్లే తల్లిదండ్రుల బాధను మాటల్లో చెప్పలేం. ఇలాంటి కుటుంబాలను రోజూ కనిపెట్టుకుని ఉండే సంస్థలు అక్కడక్కడ పని చేస్తున్నాయి. వారు మన కాలపు పూటకూళ్లవారు. వారి చేతిలో రెండు దేనారాలు పెట్టేవారే తక్కువ.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. దాత మౌనంగా ఉండాలన్నది నిజమే. పుచ్చుకున్నవారు లెక్క చెప్పనక్కర్లేదని దాని అర్థం కాదు. యెరూషలేము పేదల కోసం సంఘాలు పోగుచేసిన చందాను పౌలు ఒంటరిగా మోసుకుపోలేదు. ఎవరూ తప్పుపట్టకుండా నమ్మకమైన సహోదరులను తోడు పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:18-21). కాబట్టి సంఘం ముందుగా విచారించాలి. సంస్థ నమ్మకమైనదా, పిల్లలకు నిజంగా చేరుతోందా అని చూడాలి. నమ్మకం కుదిరాక ఉదారంగా ఇవ్వాలి. ఒక్క క్రిస్మస్‌కు పండ్లు పంచి ఫొటో దిగడం కన్నా, నెలకో ఆదివారం కానుకను ఏడాది పొడవునా క్రమం తప్పకుండా పంపడం మేలు. బిడ్డ జబ్బు డిసెంబరుతో ఆగదు కదా! మన సంఘంలోనే అలాంటి కుటుంబం ఉంటే ఏ పాపం చేశారోనని వెదకడం మానేద్దాం. ఆ ప్రశ్నను ప్రభువే తోసివేశాడు (యోహాను 9:2-3). ఇంటి దగ్గర మిగిలిపోయిన పిల్లలకు అన్నం పెడదాం, బడికి పంపుదాం. అన్న బట్టలు తొడుక్కుని అమ్మను నవ్వించాలని చూసే ఆరేళ్ల జేమ్స్‌లు మన వీధుల్లోనూ ఉన్నారు.

బ్యారీ దగ్గర పీటర్ పాన్ ఉన్నాడు, మన దగ్గర ఏముందని అనిపించవచ్చు. ప్రభువు ఆ లెక్క ఎన్నడూ అడగలేదు. కానుకపెట్టె ఎదుట కూర్చుని ఆయన మెచ్చుకున్నది రెండు కాసులు వేసిన బీద విధవరాలిని (మార్కు 12:41-44). బీదలను కనికరించేవాడు దేవునికే అప్పు ఇస్తున్నాడని సామెతల గ్రంథం చెబుతుంది (సామెతలు 19:17). సమరయుడు పూటకూళ్లవాడికి ఇచ్చిన మాటను మరచిపోకండి. మిగతాది తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. మన ప్రభువు కూడా తిరిగి రానున్నవాడు. మన కానుక లెక్క లోకానికి తెలియకపోయినా ఆయనకు తెలుసు. అది చాలు.